నవలల పోటీలు పెట్టేవాళ్లకు ఒక లేఖ: పేజీలు కొలవడం మానండి

నవలల పోటీలు నడిపే సంస్థల పెద్దలకు, పత్రికల సంపాదకులకు, న్యాయనిర్ణేతలుగా కూర్చునే రచయితలకు, విమర్శకులకు నమస్కారం.

బహుమతి రాలేదన్న కడుపుమంటతో రాస్తున్న లేఖ కాదిది. నేను నవలలు రాయను, రాసేవాళ్లకు చదివిపెడతాను. స్నేహితులు, వాళ్ల స్నేహితులు పోటీకి పంపే ముందు 'ఒక్కసారి చూసిపెట్టక్కా' అని ఫైలు పంపిస్తారు. చదివి, ఎక్కడ బాగుందో ఎక్కడ కొయ్యాలో చెప్తాను. ఒకోసారి పోటీల తొలి వడపోతకీ పిలుస్తారు. అలా రాసేవాళ్ల బాధా, ఎంపిక చేసేవాళ్ల బాధా రెండూ దగ్గర్నుంచి చూశాను కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నా. మీ ప్రకటనల్లో 'నవల ఇన్ని పేజీలకు తగ్గకూడదు' అని ఒక వాక్యం ఉంటుంది చూడండి, దాన్ని తీసెయ్యండి. ఆ వాక్యం వల్ల మంచి నవలలు పాడవుతున్నాయి.

ఎలా పాడవుతున్నాయో నాకు తెలుసు, ఎందుకంటే సాగదీయక ముందు ప్రతీ, సాగదీశాక ప్రతీ రెండూ నా ఇన్‌బాక్స్‌లోనే పడుతుంటాయి. కథ నూట నలభై పేజీల్లో ముగిసింది. నిబంధన రెండువందలు. గడువు ఇంకో నెల. అప్పుడు రచయిత ఏం చేస్తాడు? హీరోయిన్ స్నేహితురాలికి ఒక పెళ్లి చేస్తాడు, ఆ పెళ్లిలో వంటల దగ్గర్నుంచి అప్పగింతల దాకా ఏదీ వదలడు. హీరో ఊరికి బస్సెక్కుతాడు, ఆ బస్సు ఆగిన ప్రతి స్టేజీలోనూ మనమూ దిగి టీ తాగాలి. మనం కళ్లారా చూసిన గొడవనే అక్క చెల్లెలికి ఫోన్లో మొత్తం మళ్లీ చెప్తుంది, చెల్లెలు మొగుడికి చెప్తుంది. చివర్లో రిటైరైన మాస్టారొకాయన అరుగు మీద కూర్చుని నవల సారాంశాన్ని ఉపన్యాసంగా ఇస్తాడు. ఇవన్నీ కలిపితే అరవై పేజీలు హాయిగా వచ్చేస్తాయి. మొదటి ప్రతిలో కథకున్న బిగువు మజ్జిగలో నీళ్లు కలిపినట్టు పలచబడుతుంది, మీరు అదే ప్రతిని చదివి 'కథనంలో కొంత సాగతీత కనిపించింది' అని అభిప్రాయం రాస్తారు. సాగదీయమన్నది మీరే కదండీ!

మీ ముందువాళ్లను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. పోటీలు పెట్టడం మన నవలకు కొత్తేమీ కాదు, 1890ల్లోనే 'చింతామణి' పత్రిక నవలలకు పోటీలు పెట్టింది, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి లాంటి వాళ్లు అందులో బహుమతులు అందుకున్నారు. తర్వాత వారపత్రికల కాలం వచ్చింది, బహుమతి వచ్చిన నవల వారం వారం సీరియల్‌గా నడవాలి, మరీ నాలుగు వారాలకే అయిపోతే పత్రికకు గిట్టదు. అప్పుడు ఇంత నిడివి ఉండాలని అడగడంలో అర్థముంది. ఇప్పుడు మీరిస్తున్న బహుమతుల్లో ఎక్కువ భాగం నేరుగా పుస్తకంగా వచ్చే నవలలకే. నడపాల్సిన వారాలు లేవు. అవసరం పోయినా నిబంధన మాత్రం అలాగే ఉండిపోయింది, ప్రతి ఏడూ పాత ప్రకటన ఫైలు తెరిచి తేదీలు మాత్రం మార్చి పంపించేస్తున్నారు కాబోలు.

ఒక చిన్న పని చెయ్యండి. ఇంట్లో ఉంటే 'అల్పజీవి', 'అసమర్థుని జీవయాత్ర' తీసి చేతిలో పట్టుకుని చూడండి. ఎంత పలచటి పుస్తకాలో! తెలుగు నవల గురించి ఎవరు మాట్లాడినా వదలకుండా తలుచుకునే పేర్లు అవి. ఇవాళ అంతే నిడివితో ఒక కొత్త రచయిత అలాంటిది పంపిస్తే, పేజీల లెక్క చూసే గుమాస్తా దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉందా లేదా? మీరే చెప్పండి.

ఈ మాటనగానే ఎవరో ఒకరు 'వేయిపడగలు' సంగతి ఎత్తుతారు, నాకు తెలుసు. విశ్వనాథ వారు దాన్ని ఇరవై తొమ్మిది రోజుల్లో ఆశువుగా చెప్పి రాయించారు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో అడివి బాపిరాజు గారి 'నారాయణరావు'తో పాటు బహుమతి పంచుకుంది, దానికెవరు కత్తెర పట్టారు అని అడుగుతారు. పెద్ద నవలతో నాకు పేచీ లేదు. ఒక ఊరినీ, కొన్ని తరాలనీ, ఒక సంస్కృతి కూలిపోవడాన్నీ చెప్పడానికి అన్ని పేజీలు పడితే పట్టనివ్వండి. నా పేచీ అంతా, చెప్పాల్సింది అయిపోయాక కూడా పేజీ సంఖ్య కోసం నడిచే నవలతోనే. పైగా విశ్వనాథ గారిని ఉదాహరణగా తెచ్చుకునే హక్కు మనలో ఎంతమందికుందో కూడా కాస్త ఆలోచించుకోవాలి.

ఇక అసలు సంగతికి వస్తా. అనవసరం అంటే ఏమిటి? పోటీలకొచ్చే నవలల్లో నాకు ఎక్కువగా తగిలేది సీరియల్ అలవాటు. వారపత్రికలో చదివేవాళ్లకి వారం గడిచేసరికి పోయిన భాగం సగం మర్చిపోవడం సహజం, అందుకని ప్రతి భాగం మొదట్లో ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరి మీద ఎవరికి కోపమో ఒకసారి గుర్తు చేసేవారు. చివర్లో తలుపు చప్పుడో, ఫోన్ మోగడమో పెట్టి ఆపేవారు. ఆ కాలానికి అది చక్కటి పనితనం. ఇవాళ సీరియల్ ముఖమే చూడని కుర్ర రచయితలు కూడా అలాగే రాస్తున్నారు, చదివి పెరిగిన పుస్తకాలు అవి కాబట్టి. ఏడో అధ్యాయంలో 'భర్త చనిపోయాక ఇద్దరు పిల్లలతో పుట్టింటికి చేరిన సుజాత' అంటాడు, ఎనిమిదో అధ్యాయంలో మళ్లీ అదే, పదకొండులో ఇంకోసారి. పాఠకుడు ఏడో అధ్యాయం చదివి పది నిమిషాలే అయిందండీ, సుజాత ఎవరో వాడికి బాగానే గుర్తుంది. ఒక్క ఈ గుర్తుచేతలు తీసేస్తే చాలు, కథలో ఒక్క సంఘటన కూడా పోకుండా నవల కళ్లముందే సన్నబడుతుంది.

రెండోది వంశచరిత్ర. కథ మొదలవ్వాలంటే ముందు ఊరు ఎలా ఏర్పడింది, ఆ ఇంటిని ముత్తాత ఎప్పుడు కట్టాడు, ఆస్తి ఎలా కరిగింది ఇవన్నీ చెప్పెయ్యాలని రచయితకు ఒక బెంగ. రాసేటప్పుడు ఆ పేజీలు రచయితకు కావాలి, పాత్రల్ని తెలుసుకునేది వాటిని రాస్తూనే, కాబట్టి రాయొద్దని ఎవరూ అనరు. చదివేవాళ్లకు కావాలా అన్నదే ప్రశ్న. మనకే కాదు ఈ జబ్బు. అమెరికన్ రచయిత హెమింగ్వే నవల 'ది సన్ ఆల్సో రైజెస్' మొదట్లో కూడా పాత్రల పూర్వచరిత్రలు చాలానే ఉండేవి. 1926లో స్నేహితుడూ, తోటి రచయితా అయిన ఫిట్జెరాల్డ్ అది చదివి, ఆ మొదలు బాగాలేదని మొహం మీదే చెప్పినంత సూటిగా ఉత్తరం రాశాడు. పుస్తకం అచ్చుకు వెళ్తున్న దశలో హెమింగ్వే ఆ మొదటి భాగం ఎత్తేశాడు, నవల ఎక్కడ మొదలవ్వాలో అక్కడే మొదలైంది. అలా చెప్పే స్నేహితుడు అందరికీ ఉండడు. మన దగ్గర స్నేహితులు 'అద్భుతం అన్నా, బహుమతి నీదే' అంటారు. ఆ ఫిట్జెరాల్డ్ పని చెయ్యగలిగింది మీరే.

మూడోది, అన్నిటికంటే మొండిది, వివరణ. సంఘటన జరుగుతుంది, దాని వెనకే రచయిత వచ్చి దాని అర్థం చెప్తాడు. చూపిస్తే తప్ప ఇది తెలియదు, అందుకని ఇక్కడ ఒక పేరా నేనే అల్లుతున్నా, ఎవరి నవల్లోదీ కాదు. పోచంపల్లి వైపు నేతపనివాళ్ల ఇల్లనుకోండి. ఆసు పోయడమంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే పని.

'లక్ష్మమ్మ ఆసు పోస్తూ పోస్తూ ఆగింది. కుడి భుజం లాగేస్తోంది. పట్నం వెళ్లిన కొడుకు ఈ నెల డబ్బులు పంపలేదని ఆమెకు చాలా బాధగా ఉంది. పట్నం వాడిని మార్చేసిందని ఆమె తల్లి మనసు ఘోషించింది. కన్నవాళ్ల కష్టం పిల్లలకు ఎప్పటికి అర్థమవుతుంది? లోకంలో ఇలా ఎదురుచూసే తల్లులు ఇంకెంతమందో! "పైసలు పడ్డట్టు మెసేజేమన్న వచ్చిందా?" అని ఆశగా కోడలిని అడిగింది. "రాలే అత్తమ్మా" అంది కోడలు నిరాశగా. ఆ మాట వినగానే లక్ష్మమ్మ గుండె బరువెక్కింది. కళ్లు చెమర్చాయి. నిట్టూరుస్తూ మళ్లీ ఆసు మీదికి వంగింది.'

ఇది చేతికిచ్చి 'కొంచెం తగ్గించండి' అంటే మన దగ్గర మామూలుగా ఏం జరుగుతుందో చెప్పనా? ముందు ఆసు ఎగిరిపోతుంది. 'ఆసు అంటే చాలామందికి తెలియదు, పాఠకుడు ఆగిపోతాడు, పని చేసుకుంటూ ఆగింది అని రాస్తే చాలు' అంటారు. తర్వాత తెలంగాణ మాట పోయి 'డబ్బులు వేసినట్టు సందేశం ఏమైనా వచ్చిందా' వస్తుంది. తల్లి మనసు ఘోషా, లోకంలోని తల్లులందరూ మాత్రం క్షేమంగా మిగిలిపోతారు, ఎందుకంటే అవి 'మనసును తాకే వాక్యాలు'.

నా చేతికిస్తే సరిగ్గా తిరగేస్తాను.

'లక్ష్మమ్మ ఆసు పోస్తూ పోస్తూ ఆగింది. కుడి భుజం లాగేస్తోంది. "పైసలు పడ్డట్టు మెసేజేమన్న వచ్చిందా?" "రాలే అత్తమ్మా." మళ్లీ ఆసు మీదికి వంగింది.'

బాధ ఎక్కడికీ పోలేదు. ఇంకా ఎక్కువైంది. చీరకి సరిపడా దారాన్ని మేకుల చుట్టూ చేత్తో వేలసార్లు తిప్పాలి, ఆ పనిలో ఆడవాళ్ల భుజాలు అరిగిపోతాయి, ఆ భుజంతోనే ఆమె మళ్లీ వంగింది అంటే డబ్బు రానందుకు ఆమె ఏం చెయ్యగలదో పాఠకుడికి తెలిసిపోతుంది. ఆసు అంటే ఏమిటో తెలియని హైదరాబాద్ పాఠకుడికి, డాలస్ పాఠకుడికి కూడా భుజం నొప్పి తెలుసు, మిగతాది ముందు పేజీల్లో ఆమె పని చూసి పట్టుకుంటాడు. నేను తీసేసినవన్నీ ఏ నవల్లో ఏ తల్లికైనా అతికించొచ్చు. ఉంచినవి మాత్రం ఈ లక్ష్మమ్మకే చెల్లుతాయి. కోతకు నా దగ్గరున్న కొలత ఇదొక్కటే.

ఈ మాట మీకు ప్రత్యేకంగా ఎందుకు చెప్తున్నానంటే, మీ అభిప్రాయ పత్రాల్లో 'అనవసర వర్ణనలు' అని రాసి పంపినప్పుడు రచయితలు వెళ్లి తప్పు చోట కోస్తున్నారు. మగ్గం గుంట, నాగలి కర్రు, ఉప్పుమడి, గల్ఫ్‌లో కార్మికులు పడుకునే రూము, కోర్టు గుమాస్తా ఫైలు కట్టే పద్ధతి, ఇలాంటి పని వివరాలు నవలకు కండ. వాటిని నిదానంగా చెప్పినా చదువుతాం. వెన్నెల వర్ణన, గోదావరి అలల గురించి అందరూ రాసినట్టే రాసిన పేరా, హీరోయిన్ నడకా, వర్షం పడగానే మట్టివాసనా, వీటిని తీసేసినా ఎవరూ వెతకరు. 'వర్ణన తగ్గించండి' అనకుండా ఏ పేజీలో ఏ పేరా అని చూపించగలిగితే సగం అపార్థం పోతుంది. మాండలికం జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి, సాగతీత వేరు, యాస వేరు.

వాక్యాల సంగతి చెప్పాను కదా అని కోత అంటే వాక్యాలు దిద్దడమే అనుకోకూడదు. అది చిట్టచివరి పని. ముందు మొత్తం నవలకి ఒక పట్టిక రాసుకోమంటాను నేను, ఒక్కో సన్నివేశానికి ఒక్కో లైను, ఆ సన్నివేశం ముందుకీ తర్వాతకీ ఏం మారింది అన్నది మాత్రమే. 'రఘు, వాళ్ల బాబాయి పొలం గట్టు మీద మాట్లాడుకున్నారు' అని రాస్తే కుదరదు, మాట్లాడుకున్నాక ఏమైంది? ఏమీ కాకపోతే ఆ సన్నివేశం ఎందుకుందో రచయితే చెప్పాలి, 'అందులో ఒక మంచి డైలాగుంది' అనేది కారణం కాదు, డైలాగును పక్క సన్నివేశంలోకి తోలుకోవచ్చు. తర్వాత మనుషుల లెక్క. హీరోకి ధైర్యం చెప్పే స్నేహితుడూ, ధైర్యం చెప్పే మేనమామా, ధైర్యం చెప్పే టీకొట్టాయనా ముగ్గురూ అవసరమా? ఇద్దర్ని కలిపి ఒకడిని చేస్తే ఆ ఒక్కడు నిజంగా మనిషవుతాడు. ఇవన్నీ తేలాకే పేరాలు, పేరాల తర్వాతే వాక్యాలు. ఎత్తేయబోయే అధ్యాయంలో కూర్చుని వాక్యాలకు నగిషీలు చెక్కితే ఆ తర్వాత దాన్ని తీసెయ్యడానికి చెయ్యి రాదు, అంత కష్టపడ్డాక ఎవరికి మాత్రం వస్తుంది?

తీసేసిన ముక్కల్ని చెరపక్కర్లేదు, వేరే ఫైల్లో దాచుకోమంటే రచయితల టెన్షన్ బాగా తగ్గుతుంది. ఆ ఫైలును మళ్లీ తెరిచేవాళ్లు తక్కువే అనుకోండి, ఉందన్న ధైర్యం చాలు.

కోశాక అతుకులు చూసుకోవడం ఇంకో పెద్ద పని. నాలుగో అధ్యాయంలో ఎత్తేసిన పాత్ర పందొమ్మిదో అధ్యాయంలో పెళ్లికి వచ్చి అక్షింతలు వేస్తుంది. కంప్యూటర్లో వెతికితే దొరుకుతుందిగా అంటారు. తెలుగులో అంత సులువు కాదు. 'ఊరు' అని వెతికితే 'ఊళ్లో' దొరకదు, 'కూతురు' అంటే 'కూతుళ్లు' దొరకదు, ఒకచోట 'ళ్ళ' ఒకచోట 'ళ్ల' కొడితే రెండూ వేర్వేరు. ఇంకా యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లలో టైపు చేసిన ఫైలైతే యూనికోడ్‌లోకి మార్చేదాకా వెతుకులాటే లేదు, మార్చాక అక్షరాలు కొన్ని చెదిరిపోయి ఉంటాయి. అంటే చివరికి మనిషి కూర్చుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఇంకోసారి చదవాల్సిందే, కుదిరితే పైకి చదవాల్సిందే. నోరు తడబడ్డ చోట, చదువుతూ చదువుతూ మనకే తెలియకుండా పేజీ తిప్పేసిన చోట పెన్సిల్‌తో గీత పెట్టుకుంటే మిగతా పని అక్కడ చెయ్యొచ్చు.

దీనికి సమయం కావాలి, సమయం ఇవ్వగలిగింది మీరే. ప్రస్తుతం ఏం జరుగుతోంది? ఫలితాలు ప్రకటిస్తారు, బహుమతి ప్రదానం మహాసభల్లో అని తేదీ అప్పటికే ఖరారై ఉంటుంది, ఆ సభలోనే ఆవిష్కరణ కూడా కావాలి. మధ్యలో ఉన్న కొద్ది రోజుల్లో డీటీపీ, ముఖచిత్రం, ముగ్గురు పెద్దలతో ముందుమాటలు. రచయిత చేతికి ప్రూఫులు వచ్చేసరికి అచ్చుతప్పులు చూడటానికే తీరిక ఉండదు. ఒక పేరా తీస్తే పేజీలు జరుగుతాయి, పేజీలు జరిగితే ఫారాల (అచ్చులో పదహారేసి పేజీల కట్టల) లెక్క మారుతుంది, డీటీపీ చేసేవాళ్లు 'ఇప్పుడా చెప్పేది' అని విసుక్కుంటారు, పాపం వాళ్ల తప్పేం లేదు. ఫలితంగా మీరు ఎంపిక చేసిన నవల, మీరు చదివిన చిత్తుప్రతి రూపంలోనే అచ్చవుతుంది. పోటీకి వచ్చింది చిత్తుప్రతి అనే సంగతే అందరం మర్చిపోతున్నాం. దాంట్లో బలం ఉందని మీరు గుర్తించారు, సంతోషం. అసలు సానబెట్టే పని ఆ రోజు నుంచే మొదలవ్వాలి కదా. ముందుమాటల్లో ఒకటి తగ్గించినా నాలుగు పేజీలు కలిసొస్తాయన్నది వేరే విషయం.

ఇక్కడే ఒక భయం కూడా చెప్పాలి. కోత మంచిదనగానే కాగితం ధర గుర్తొచ్చి సంతోషించేవాళ్లుంటారు. పదహారు పేజీల ఫారం ఒకటి తగ్గితే ఇంత మిగులుతుంది అని లెక్క వేసి ఆ కోత రచయిత నెత్తిన పెట్టకండి. పేరున్న అమెరికన్ నవలాకారుడు స్టీఫెన్ కింగ్ అంతటివాడికే తప్పలేదు అది. 1978లో 'ది స్టాండ్' నవల వచ్చినప్పుడు రాతప్రతిలో దాదాపు నాలుగువందల పేజీలు తీసెయ్యాల్సొచ్చింది, ఖర్చూ, పుస్తకం ధరా కలిసిరావడం లేదని. తీసింది కథ బాగుండటం కోసం కాదు. 1990లో చాలా భాగం తిరిగి చేర్చి మళ్లీ వేశారు, అప్పటికి ఆయన పేరు ఆ ఖర్చు మోయగలిగేంత పెద్దదైంది. మన రచయితలకు ఆ రెండో అవకాశం ఎవరిస్తారు? వందల కాపీల్లో అచ్చయ్యే పుస్తకానికి ఒకసారి పోయింది పోయినట్టే.

రచయితను అడక్కుండా కొయ్యడం కూడా అంతే. అమెరికన్ కథకుడు రేమండ్ కార్వర్ కథల్ని గార్డన్ లిష్ అనే ఎడిటర్ కొన్నిటిని సగానికి పైగా కోసేశాడు. కార్వర్ బతికున్నప్పుడే దాని గురించి బాధపడ్డాడు, ఆయన పోయిన చాలా ఏళ్లకు 2009లో ఆ కథల అసలు ప్రతులు పుస్తకంగా వచ్చాయి. ఏవి బాగున్నాయన్నది ఇవాళ్టికీ తగువే, లిష్ కోసినవే గొప్పవనేవాళ్లు చాలామందే ఉన్నారు. నాకు కూడా కొన్ని చోట్ల అలాగే అనిపించింది. అయినా కూడా, గీత పెట్టే పెన్సిల్ ఎడిటర్ దగ్గరుండొచ్చు, చెరిపే చెయ్యి రచయితదే అవ్వాలి. ఇది రాతపూర్వకంగా ఉంటే ఇద్దరికీ మంచిది.

కాబట్టి నేనడిగేది పెద్ద కోరికేం కాదు. కనీస పేజీల నిబంధన ఎత్తెయ్యండి. మరీ కథానికలు వచ్చిపడతాయన్న భయముంటే 'నవల అనిపించుకునేంత విస్తృతి ఉండాలి' అని రాసి, నిర్ణయం మీ న్యాయనిర్ణేతలకు వదిలెయ్యండి, ఏది నవలో ఏది పెద్ద కథో తేల్చలేనివాళ్లను మీరు ఎలాగూ పిలవరు. మాటల లెక్క పెట్టాలనుకుంటే ఇంగ్లీషు పోటీల నుంచి అంకె ఎత్తి తీసుకురాకండి. 'వెళ్లలేకపోయాడనుకుంటా' అన్నది మనకు ఒక్క మాట, వాళ్లకు అర డజను దాకా అవుతుంది. వాళ్ల అంకె మన నవలను అనవసరంగా సాగదీస్తుంది.

ఫలితాలకూ ఆవిష్కరణకూ మధ్య కనీసం మూడు నెలలు వదలండి. ఆ మూడు నెలలకు ఒక ఎడిటర్‌ను పెట్టండి, ఊరికే కాదు, డబ్బిచ్చి. మన దగ్గర ఈ పనిని స్నేహానికి, శాలువాకి చేయించుకునే అలవాటుంది, అందుకే అది పని కింద లెక్కకు రావడం లేదు. డబ్బెక్కడిది అంటే, బహుమతి మొత్తాన్ని తగ్గించమని నేను అనను, రచయిత సొమ్ము అది. ఆవిష్కరణ సభ వేదిక మీద పూలూ, జ్ఞాపికలూ, శాలువాలూ ఉంటాయి కదా, అక్కడ చూడండి. అమెరికాలో ఉండి పోటీలు పెడుతున్న తెలుగు సంఘాల వాళ్లకు ఇది ఇంకా తేలిక, అక్కడ ఎడిటింగ్‌కు రుసుము ఇవ్వడం ఎవరికీ వింతగా అనిపించదు.

ఇంకొక్కటి, న్యాయనిర్ణేతలకు. మార్కుల పత్రంలో ఇతివృత్తం, పాత్రచిత్రణ, శిల్పం, భాష అని గడులుంటాయి. వాటి పక్కన 'ఏ పేజీలు లేకపోయినా నవల నిలబడుతుంది?' అని ఒక ఖాళీ వదలండి. పేజీ నంబర్లు రాస్తే చాలు, కారణాలు అక్కర్లేదు. ముగ్గురు న్యాయనిర్ణేతలు విడివిడిగా రాసిన నంబర్లు ఒకేచోట కలిశాయంటే రచయిత అక్కడ ఆగి చూసుకుంటాడు. కలవకపోతే వదిలేస్తాడు, ఎవరి రుచి వాళ్లది. బహుమతి రానివాళ్లకు కూడా ఆ నంబర్లు పంపగలిగితే వాళ్లు మిమ్మల్ని జన్మలో మర్చిపోరు. 'మీ రచన ఎంపిక కాలేదు, మీ ఆసక్తికి ధన్యవాదాలు' అనే ఈమెయిల్ కంటే '43 నుంచి 71 దాకా' అన్న ఒక్క ముక్క ఎంత ఉపకారమో రాసేవాళ్లను అడగండి.

మీ పని కొంచెం తేలిక చేద్దామని, వచ్చే ప్రకటనలో పెట్టుకోవడానికి ఒక నిబంధన రాసి పెడుతున్నా. మార్చుకోండి, తగ్గించుకోండి, మీ ఇష్టం:

'నవలకు కనీస నిడివి లేదు. ఎంపికైన నవల రచయిత, సంస్థ నియమించే ఎడిటర్‌తో కలిసి మూడు నెలల్లో తుదిప్రతి సిద్ధం చేయాలి. మార్పులు, తొలగింపులపై తుది నిర్ణయం రచయితదే. ఎడిటర్ పారితోషికం సంస్థ భరిస్తుంది. పుస్తకం తుదిప్రతి అందాకే ఆవిష్కరణ తేదీ ప్రకటిస్తాం.'

చివరి వాక్యం దగ్గర మీ కార్యవర్గంలో గొడవ జరుగుతుందని తెలుసు, హాలు బుకింగులు, ముఖ్య అతిథుల డేట్లు అన్నీ ఉంటాయి. మిగతా నాలుగు వాక్యాలు ఒప్పుకుని అదొక్కటి కుదరదంటే, బహుమతి సభ మీ తేదీకే పెట్టుకోండి, చెక్కూ శాలువా ఇచ్చెయ్యండి, పుస్తకం మాత్రం తర్వాత రానివ్వండి.

ఇట్లు,
పోటీ నవలల చిత్తుప్రతులు చదివిపెట్టే ఒక పాఠకురాలు